కండరం తగ్గినా స్పర్శ మిగిలింది: నిక్ స్కాండోన్ కేస్ స్టడీ

నాడీ సంబంధ వ్యాధులున్నవారికి ఫిజియోథెరపీ చేయడం నా వృత్తి. కండరాలను కదిలించే నాడీకణాలు క్రమంగా చనిపోయే ఏఎల్ఎస్ వ్యాధి అని తేలిన తరువాత మా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది మొదటి వారంలో అడిగేది ఒకటే: ఇన్నాళ్లూ చేస్తూ వచ్చిన పనిని ఇంకెన్నాళ్లు చేయగలను? ఈ ప్రశ్న ఎదురైనప్పుడల్లా నేను మళ్లీ మళ్లీ తీసి చూసుకునే కేసు అమెరికా తెరచాప పడవ పోటీల నావికుడు నిక్ స్కాండోన్‌ది. ఆయన నా రోగి కారు. ఆయన గెలిచిన పోటీలు, ఎంచుకున్న పడవలు, ఆ ఎంపికల కాలక్రమం అందరికీ తెలిసినవే. వాటిని ఏఎల్ఎస్ నడిచే తీరు పక్కన పెట్టి చదవడమే ఈ వ్యాసంలో నేను చేసిన పని.

స్కాండోన్ 1966లో పుట్టారు. దక్షిణ కాలిఫోర్నియాలో పెరిగి, చిన్నప్పుడే తెరచాప పడవలు నడపడం నేర్చుకున్నారు. ఇర్వైన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ జట్టు 1988లో కళాశాలల జాతీయ విజేతగా నిలిచినప్పుడు ఆయన ఆ జట్టులో ఉన్నారు. 1990ల ఆరంభంలో 470 తరగతి పడవతో ఒలింపిక్స్‌కు అర్హత సాధించాలని ప్రయత్నించారు, కుదరలేదు. 470 అంటే 4.70 మీటర్ల పొడవున్న, ఇద్దరు నడిపే తేలికపాటి పడవ. గాలి పెరిగితే ఒకరు పడవ అంచున నిలబడి, తెరచాప కొయ్య నుంచి దిగిన తీగకు నడుమును తగిలించుకుని, ఒళ్లంతా నీటిమీదికి వాల్చి పడవను నిలబెట్టాలి; చుక్కాని పట్టినవారు కూడా తొడ కండరాల మీద బరువు మోపి వెనక్కి వాలాలి. ఈ వివరం ఎందుకు చెబుతున్నానంటే, ఇరవైల వయసులో ఆయన ఆడిన ఆటకు ఒంట్లోని ప్రతి పెద్ద కండరమూ కావలసి వచ్చేది. ఆ తరువాత చాలామంది లాగే ఆయనా ఉద్యోగంలో పడ్డారు. పోటీలు వెనక్కి వెళ్లాయి.

2002లో, 36 ఏళ్ల వయసులో, ఏఎల్ఎస్ ఉన్నట్లు తేలింది. ఆయన ఉద్యోగం మానేసి పూర్తికాలం పడవ మీదికి తిరిగి వెళ్లారు. పత్రికలు దీన్ని మొండి ధైర్యంగా చూపించాయి. ధైర్యాన్ని నేను కాదనను గానీ, వృత్తిరీత్యా నాకు అంతకంటే ఆసక్తి కలిగించేది ఆ నిర్ణయంలోని లెక్క. ఏఎల్ఎస్ లక్షణాలు మొదలయ్యాక సుమారు సగంమంది మూడేళ్లలోపే కన్నుమూస్తారు. పదేళ్లు దాటేవారు పదింట ఒక వంతు. ఈ అంకెలు తెలిసిన మనిషికి రోజుకు దక్కే శక్తి పరిమితం, అది నెలనెలా కరుగుతుంది. ఉద్యోగానికి, ప్రయాణానికి, ఇంటి పనికి అంతా ఖర్చయిపోయాక మిగిలినదానితో సెయిలింగ్ చేయాలంటే కుదరదు. ఆయన లెక్కను తిరగేశారు.

ఈ వ్యాధి గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే కేసులోని కీలకమంతా అందులోనే ఉంది. మెదడు నుంచి వెన్నుపాముకు, వెన్నుపాము నుంచి కండరాలకు ఆదేశాలు తీసుకువెళ్లే చలన నాడీకణాలు ఏఎల్ఎస్‌లో ఒక్కొక్కటిగా చనిపోతాయి. ఆదేశం అందని కండరం సన్నబడి, అదురుతూ, బలహీనపడుతుంది. చాలామందికి చేతిలోనో కాలిలోనో మొదలై, క్రమంగా తక్కిన అవయవాలకు పాకి, చివరికి మింగడానికి, ఊపిరి పీల్చడానికి వాడే కండరాలను చేరుతుంది. అయితే స్పర్శను, కీళ్ల స్థితిని మెదడుకు చేరవేసే నాడులు చాలావరకు చెక్కుచెదరవు. కళ్లను తిప్పే కండరాలు కూడా చివరిదాకా నిలుస్తాయి.

మా పరీక్ష గదిలో ఇది రోజూ కనబడేదే. రోగి తాళంచెవి తిప్పలేరు, చొక్కా గుండీ పెట్టుకోలేరు. పట్టును కొలిచే పరికరాన్ని చేతికిస్తే ముల్లు కాస్త కదిలి ఆగిపోతుంది. అదే చేతిని నేను తీసుకుని, కళ్లు మూసుకోమని చెప్పి, చూపుడు వేలి చివరి కణుపును రెండు పక్కలా పట్టుకుని వెంట్రుకవాసి పైకి లేపుతాను. "పైకి" అంటారు. దించుతాను. "కిందికి." కదపకుండా ఊరికే పట్టుకుంటే, "ఇప్పుడేమీ చేయలేదండీ మీరు" అంటారు, కాస్త నవ్వుతూ. ఒక్కటి కూడా తప్పు పోదు. అంత బలహీనమైన చేతిలో అంత సూక్ష్మమైన ఎరుక ఉండడం చూసి పక్కన కూర్చున్న కుటుంబ సభ్యులు ఆశ్చర్యపోతారు. సెయిలింగ్ తెలిసినవారు మాత్రం ఈ దృశ్యం వినగానే చుక్కాని గురించే ఆలోచిస్తారని నా నమ్మకం.

స్కాండోన్ ఎంచుకున్న మొదటి పడవ 2.4ఎంఆర్. పేరులోని 2.4 పడవ పొడవు కాదు; పొడవు, చుట్టుకొలత, తెరచాప వైశాల్యం వంటివాటిని ఒక సూత్రంలో వేస్తే వచ్చే ఫలితం అది. నిజమైన పొడవు సుమారు 4.2 మీటర్లు. మొత్తం బరువు 260 కిలోల దగ్గర ఉంటే, అందులో సుమారు 180 కిలోలు అడుగున వేలాడే సీసపు కీల్‌దే. కాబట్టి పడవను నిలబెట్టే పని మనిషి ఒంటికి లేదు, సీసం చూసుకుంటుంది. నడిపేవారు పడవ మధ్యలో, ముందుకు చూస్తూ, దాదాపు తొట్టిలో కూర్చున్నట్టు దిగి కూర్చుంటారు. దూరం నుంచి చూస్తే పడవ పైభాగం మీద తల, భుజాలు మాత్రమే కనిపిస్తాయి. చుక్కానిని చేతికర్రతో గానీ పాదాల దగ్గరి పెడల్స్‌తో గానీ తిప్పవచ్చు. తెరచాపలను సరిచేసే తాళ్లన్నీ కప్పీల మీదుగా తిరిగి ఒళ్లోకి వస్తాయి. ఒక్కో కప్పీ చేరినకొద్దీ తాడు ఎక్కువ దూరం లాగవలసి వచ్చినా లాగే బలం తగ్గుతుంది. కూర్చున్న చోటి నుంచి లేవవలసిన అవసరం పందెం మొదటి నుంచి చివరి వరకు ఒక్కసారి కూడా రాదు.

మరి గెలుపోటములు దేనితో తేలతాయి? తెరచాప మీద అంటించిన ఉన్ని దారం ముక్కలు గాలికి ఎలా ఎగురుతున్నాయో చూస్తూ, చెంప మీద గాలి మారడం గమనిస్తూ, కూర్చున్న సీటు ఎంత ఒరిగిందో నడుముతో పసిగడుతూ, చుక్కాని కర్ర వేళ్లను ఏ పక్కకు ఎంత నెడుతోందో తెలుసుకుంటూ, పడవను రెండు మూడు డిగ్రీల తేడాతో సరిచేస్తూ పోవాలి. చుక్కాని గట్టిగా పట్టుకున్నవాడికి అది చెప్పేది వినిపించదని సెయిలింగ్ శిక్షకులు పిల్లలకు మొదటి పాఠంగానే చెబుతారు. అంటే ఈ పడవ అడిగేవి స్పర్శ, చూపు, ఒరుగుదలను పసిగట్టే శక్తి, వ్యూహం. ఏఎల్ఎస్ ఆ నాలుగింటినీ వదిలిపెట్టింది. పడవ అడగని తొడ, నడుము, భుజం కండరాల బలాన్నే తీసుకుంది. స్కాండోన్ కేసును నేను చదివే పద్ధతి ఇదే: సంకల్పం వ్యాధిని జయించిన కథగా కాకుండా, వ్యాధి మిగిల్చిన సామర్థ్యాలకూ ఒక యంత్రం అడిగే సామర్థ్యాలకూ అతుకు కుదిరిన కథగా.

2005లో ఇటలీలో జరిగిన 2.4ఎంఆర్ ఓపెన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ను ఆయన గెలిచారు. ఇక్కడ ఓపెన్ అన్న మాట ముఖ్యం. ఈ తరగతిలో వైకల్యం ఉన్నవారూ లేనివారూ ఒకే గీత దగ్గర బయలుదేరతారు, ఒకే లెక్కలో ర్యాంకు పొందుతారు. ఎవరికీ రాయితీ లేదు. నిర్ధారణ అయిన మూడేళ్లకు, నడక కూడా దెబ్బతింటున్న మనిషి, సాధారణ ఆరోగ్యం ఉన్న నావికులను ఓడించి ప్రపంచ విజేత అయ్యారు. ఆ ఏడాది అమెరికాలో యాట్స్‌మన్ ఆఫ్ ది ఇయర్ పురస్కారం కూడా ఆయనకే దక్కింది. అయితే ఈ ఫలితాన్ని చూపించి "చూశారా, మనసుంటే చాలు" అని రోగులకు చెప్పే సహోద్యోగులతో నాకు పేచీ ఉంది. మనసు ఒక్కటే చాలేదయితే ఆయన 470లోనే గెలిచి ఉండాలి కదా. ఆయన వెనుక ముప్పై ఏళ్ల నీటి అనుభవం ఉంది. కొత్తగా నేర్చుకునేవారికి మూడేళ్లలో అలవడని ఎరుక, ఆయన ఒంట్లో చిన్నప్పటి నుంచి పేరుకుని ఉంది. వ్యాధి తాకనిది ఆ పేరుకున్న భాగాన్నే.

2.4ఎంఆర్‌లో ఒక చిక్కు ఉంది. పడవలో మనిషి ఒక్కరే. చుక్కాని తిప్పడం, తాళ్లు లాగడం, బిగించడం, వదలడం, మలుపు తిరిగేటప్పుడు ఇవన్నీ కొన్ని సెకన్లలో చేయడం, అన్నీ రెండు చేతుల మీదే పడతాయి. స్పర్శ ఎంత బాగున్నా తాడును బిగింపులోంచి విడిపించడానికి కొంత బలం కావాలి. చల్లటి నీటితో తడిసిన వేళ్లు ఏఎల్ఎస్ రోగుల్లో మరింత బలహీనపడతాయి. పోటీ రోజున రెండు మూడు పందేలుంటాయి, గంటల తరబడి నీటిమీద ఉండాలి. పొద్దున కుదిరిన పని మధ్యాహ్నానికి కుదరకపోవడం ఈ వ్యాధిలో మామూలే. అందువల్ల స్పర్శ మిగిలి ఉన్నా, కనీస బలం అన్న గడప ఒకటి ఉంటుంది. చేయి ఆ గడప కిందికి దిగిన రోజు పడవ మారాలి.

2008 పారాలింపిక్స్‌లో తొలిసారి ప్రవేశపెట్టిన ఎస్‌కేయూడీ 18 ఆ అవసరానికి సరిపోయింది. ఇద్దరు నడిపే 5.8 మీటర్ల కీల్ పడవ ఇది. ఇద్దరూ పడవ మధ్యరేఖ మీద అమర్చిన సీట్లలోనే ఉండి పని పంచుకుంటారు. ఎవరు ఎవరితో కూడాలన్నది కూడా నిబంధనే. పారా సెయిలింగ్ వర్గీకరణలో అప్పట్లో నావికులకు 1 నుంచి 7 వరకు పాయింట్లు ఇచ్చేవారు. వైకల్యం తీవ్రమైనకొద్దీ పాయింట్లు తగ్గేవి. ముగ్గురు నడిపే సోనార్ పడవలో జట్టు మొత్తం 14 పాయింట్లు మించకూడదన్న నిబంధన ఉండేది. ఎస్‌కేయూడీ 18లో ఒకరు తీవ్ర వైకల్య వర్గానికి చెంది ఉండాలి, ఇద్దరిలో ఒకరైనా మహిళ అయి ఉండాలన్నది అప్పటి నిబంధన. వర్గీకరణ చేసేవారు కండరాల బలాన్ని గదిలో పరీక్షించి ఊరుకోరు; రేవులో కట్టిన పడవలో కూర్చోబెట్టి తాళ్లు లాగిస్తారు, పక్కకు ఒరిగినప్పుడు ఒంటిని నిలుపుకోగలరా అని చూస్తారు, అవసరమైతే నీటిమీద కూడా గమనిస్తారు. నా వృత్తిలోని చాలా పరీక్షల కంటే ఇది మెరుగైన పద్ధతి అనిపిస్తుంది. ఏఎల్ఎస్‌కు మేము వాడే ప్రామాణిక కొలమానంలో 12 అంశాలకు 48 మార్కులు. రాత, నడక, మెట్లెక్కడం, మింగడం, ఊపిరి అన్నీ అందులో ఉన్నాయి, రోగికి ప్రాణమైన పని మాత్రం ఉండదు.

స్కాండోన్‌కు జోడీగా వచ్చినవారు మసాచుసెట్స్‌కు చెందిన మోరీన్ మెకిన్నన్ టక్కర్. 1995లో సముద్రపు గోడ మీది నుంచి పడి వెన్నుపాము దెబ్బతిని, నడుము కింది భాగం పక్షవాతానికి గురైనవారు ఆమె. అమెరికా పారాలింపిక్ సెయిలింగ్ జట్టులో చోటు పొందిన తొలి మహిళ కూడా ఆమే. వీరిద్దరి జోడీని చికిత్సకుడి కంటితో చూస్తే, రెండు వైకల్యాలు ఒకదానికొకటి ఎదురెదురుగా కనిపిస్తాయి. వెన్నుపాము గాయంలో దెబ్బ తగిలిన మట్టానికి పైన ఉన్న చేతులు మామూలు బలంతో ఉంటాయి, ఆ బలం ఏటేటా తగ్గదు. కానీ కింది భాగంలో కదలికతోపాటు స్పర్శ కూడా పోవచ్చు, కనుక సీటు ఒరుగుదలను నడుముతో పసిగట్టడం కష్టమవుతుంది, ఎక్కువసేపు కూర్చుంటే పుండ్లు పడుతున్నా తెలియదు. ఏఎల్ఎస్‌లో స్పర్శ ఉంటుంది, బలం ఉండదు. ఉన్న కాస్తా వచ్చే నెలకు ఉంటుందో లేదో తెలియదు. చుక్కాని స్కాండోన్ చేతిలో, తెరచాపల తాళ్లు మెకిన్నన్ టక్కర్ చేతుల్లో పెట్టడంతో ఎవరి దగ్గర ఏది మిగిలి ఉందో పడవ దాన్నే వాడుకుంది.

అమెరికా జట్టు అర్హత పోటీలు 2007 అక్టోబరులో జరిగాయి, అంటే పారాలింపిక్స్‌కు దాదాపు ఏడాది ముందే ఆయన ఒంటరి పడవను వదిలి జోడీ పడవకు మారిపోయి ఉన్నారు. ప్రపంచ టైటిల్ గెలిచిన పడవను వదలడం ఏ క్రీడాకారుడికీ తేలిక కాదు. మా రోగుల్లో కర్ర నుంచి వాకర్‌కు మారమంటే ఆరు నెలలు వాయిదా వేసేవారున్నారు, ఆ ఆరు నెలల్లో పడి తుంటి విరగ్గొట్టుకున్నవారూ ఉన్నారు. సామర్థ్యం పూర్తిగా పడిపోకముందే తరువాతి పరికరానికి మారితే, దాన్ని నేర్చుకునే శక్తి చేతిలో ఉంటుంది. పడిపోయాక మారితే నేర్చుకోవడానికే శక్తి చాలదు.

2008 సెప్టెంబరు నాటికి ఆయన చక్రాల కుర్చీలో ఉన్నారు. బీజింగ్ క్రీడల సెయిలింగ్ పోటీలు జరిగిన చింగ్‌డావో తీరం నెమ్మది గాలులకు, బలమైన ఆటుపోట్ల ప్రవాహాలకు పేరుపడ్డది. అలాంటి నీటిలో ప్రవాహాన్ని అంచనా వేయడం, చిన్న గాలిని ముందే పసిగట్టడం తెలిసినవారిది పైచేయి. స్కాండోన్, మెకిన్నన్ టక్కర్ ఎస్‌కేయూడీ 18లో స్వర్ణం గెలిచారు. రజతం ఆస్ట్రేలియాకు చెందిన డానియల్ ఫిట్జ్‌గిబ్బన్, రేచెల్ కాక్స్‌లకు దక్కింది. ఆ తరువాత నాలుగు నెలలు కూడా గడవకముందే, 2009 జనవరి 2న, స్కాండోన్ 42 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

నిర్ధారణ నుంచి మరణం వరకు ఆరేళ్లకు పైగా గడిచాయి. సగటు కంటే ఇది ఎక్కువ. సెయిలింగ్ వల్లే ఆయన ఎక్కువకాలం బతికారని కొందరు నమ్ముతారు. నేను రోగులకు ఆ మాట చెప్పను. నెమ్మదిగా నడిచే రకం ఏఎల్ఎస్ ఉన్నవారే ఇన్నేళ్లు పోటీల్లో ఉండగలరు. వేగంగా నడిచే రకం ఉన్నవారు అర్హత పోటీలదాకా రానేరారు, కాబట్టి వారి కథలు మనకు చేరవు. ఈ కేసు ఆయుష్షు గురించి ఏమీ రుజువు చేయదు. ఉన్న కాలాన్ని ఏ పనిలో పెట్టవచ్చో మాత్రం చూపిస్తుంది.

ఇతర నావికుల కేసులను పక్కన పెట్టినప్పుడు తేడా ఇంకా తేటపడుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన డామియన్ సెగాన్ పుట్టుకతోనే ఎడమ చేయి మణికట్టు కింద లేనివారు. 2.4ఎంఆర్‌లో 2004 పారాలింపిక్స్‌లో స్వర్ణం, 2008లో రజతం, 2016లో మళ్లీ స్వర్ణం గెలిచారు. ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా ప్రపంచాన్ని చుట్టివచ్చే వాందే గ్లోబ్ పందెంలో 2020 నవంబరులో బయలుదేరి, సుమారు 81 రోజుల తరువాత ఏడో స్థానంలో తిరిగి వచ్చారు. బ్రిటన్‌కు చెందిన హెలెనా లూకస్ రెండు చేతులకూ బొటనవేళ్లు లేకుండా పుట్టి, 2012 లండన్ పారాలింపిక్స్ సెయిలింగ్ జరిగిన వేమత్ నీటిలో 2.4ఎంఆర్ స్వర్ణం గెలిచారు. ఇద్దరిదీ స్థిరమైన లోపం. ఒకసారి కనిపెట్టిన కిటుకు పదేళ్లయినా పనిచేస్తుంది; ఏళ్లు గడిచేకొద్దీ దానికి మెరుగు పెట్టుకోవచ్చు. స్కాండోన్‌కు ఆ సౌకర్యం లేదు, ఆయనకు ప్రతి కిటుకుకూ గడువు తేదీ ఉంది.

మరో బ్రిటిష్ నావికురాలు హిలరీ లిస్టర్ పోటీ నావికురాలు కాకపోయినా ఆమె సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. మెడ కింద ఏ అవయవమూ కదపలేని ఆమె, గొట్టాలలోకి ఊదుతూ, పీలుస్తూ పడవను నియంత్రించి, 2005లో ఇంగ్లిష్ ఛానెల్‌ను, 2009లో బ్రిటన్ చుట్టూ ఉన్న సముద్రాన్ని ఒంటరిగా దాటారు. ఈ పరికరం గురించి విన్న ఏఎల్ఎస్ రోగులు అది తమకూ కావాలని అడుగుతారు. చాలామందికి నేను వద్దంటాను. ఊదడానికి పెదవులు బిగించాలి, ఛాతీ బలం కావాలి. ఏఎల్ఎస్ ఆ కండరాలనూ వదలదు. చేతులు పోయిన కొద్దికాలానికే పెదవులూ పోతే, కష్టపడి నేర్చుకున్నదంతా వృథా అవుతుంది. ఈ రోగులకు పరికరం ఎంచుకునేటప్పుడు ఆఖరున పోయేదాని మీద ఆధారపడాలి, అంటే కళ్ల మీద, వీలైనన్ని రోజులు ఏ చేయి మెరుగ్గా ఉంటే దాని మీద.

ఏఎల్ఎస్ ఉన్నవారు ఎవరైనా తెరచాప పడవ ఎక్కుతామంటే నేను ముందు చూసే విషయాలు కొన్ని ఉన్నాయి. మెడ బలహీనపడ్డవారికి మామూలు లైఫ్ జాకెట్ చాలదు, నీటిలో పడితే ముఖాన్ని పైకి తిప్పి ఉంచే రకం వాడాలి. సీటుకు పట్టీ కట్టవలసి వస్తే, రోగి విప్పుకోలేకపోయినా సహాయకులు ఒక్క లాగుతో విప్పగలిగేలా ఉండాలి. రేవు నుంచి పడవలోకి మనిషిని ఎత్తి దించే పని రోగి కండరాలతో చేయించకూడదు. ఆ పది నిమిషాల పెనుగులాటలో ఖర్చయ్యే శక్తి, నీటిమీద ఒక గంటకు సరిపడేది. ఊపిరి సామర్థ్యం ఎంతుందో మూడు నెలలకోసారి కొలిచి, పడుకున్నప్పుడు ఆయాసం మొదలైందంటే ఒంటరి పడవ మాట మానిపించాలి. అలసట మరుసటి రోజు పొద్దున్నకు కూడా తీరకపోతే నిన్న చేసింది ఎక్కువైందని అర్థం.

స్కాండోన్ ఎక్కిన రెండో మెట్టు ఇప్పుడు దాదాపు లేదు. అట్లాంటాలో 1996లో ప్రదర్శన క్రీడగా మొదలై, 2000 నుంచి పతకాల క్రీడగా సాగిన సెయిలింగ్‌ను అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ 2015 జనవరిలో టోక్యో జాబితా నుంచి తొలగించింది. 2016 రియో తరువాత పారాలింపిక్స్‌లో తెరచాప లేదు. దానితో ఎస్‌కేయూడీ 18 వంటి ఖరీదైన జోడీ పడవలకు జాతీయ జట్ల డబ్బు ఆగిపోయింది. 2.4ఎంఆర్ ఓపెన్ పోటీలు నడుస్తూనే ఉన్నాయి. వాటిలో గెలిచి, ఆపై తాడు విప్పే బలం కూడా తగ్గిన నావికుడు ఎవరైనా ఈరోజు నా గదిలోకి వచ్చి తరువాత ఏ పడవ అని అడిగితే, ఆ నావికుడికి ముందు జోడీని వెతికి, ఆ తరువాతే పడవను వెతకమంటాను.